జ్వరం దాచుకున్న మనిషి లెక్క

(విజయవాడలోని ఒక గ్రంథాలయం హాల్లో డిగ్రీ విద్యార్థులు, చుట్టుపక్కల వాళ్ల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, వినపడకపోతే చెయ్యెత్తండి, ఆగుతాను.

ముప్పై ఏళ్లు ఎకనామిక్స్ పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి అంటువ్యాధుల మీద మాట్లాడమంటే జీడీపీతోనే మొదలుపెడదామనుకున్నాను. 2020లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల్లో మన దేశ జీడీపీ, అంతకుముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే, దాదాపు 24 శాతం పడిపోయింది. ఆ అంకె రాసుకోండి, పరీక్షకి పనికొస్తుంది. కానీ నిన్న రాత్రి కాగితాలు ముందేసుకుని కూర్చుంటే నా బుర్రలో తిరిగింది ఆ అంకె కాదు, మా ఇంట్లో పనిచేసే ఆవిడ భర్తకి వచ్చిన జ్వరం.

అతను గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో ముఠా కూలీ. బస్తాలు దించుతాడు, ఎక్కిస్తాడు. 2020 జులైలో అతనికి జ్వరం వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నదానికి కూడా రెండు రోజులు చెప్పలేదు. పొద్దున్నే మాత్ర మింగి, తడిపి పిండిన తువ్వాలు తలకి చుట్టుకుని పనికి పోయాడు. ముఠా వాళ్లందరూ తలపాగా చుడతారు కదా, అది తడిగుడ్డ అని ఎవరికి తెలుస్తుంది? సాయంత్రం మాత్ర మళ్లీ. ఆ మాత్రలు కూడా తను కొనలేదు. అప్పట్లో జ్వరం మాత్రలు కొనేవాళ్ల పేరు, ఫోన్ నంబరు రాసుకోమని మందుల షాపులకి చెప్పారు, మీకు గుర్తుందో లేదో. అందుకని కొన్న మాత్రలు ఎవరింట్లో మిగిలి ఉన్నాయో వాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నాడు.

ఆవిడ నాకు ఈ సంగతి చెప్పింది నెల తర్వాత. నాకు చాలా కోపం వచ్చింది. మా ఇంట్లో డెబ్బై తొమ్మిదేళ్ల మా అమ్మ ఉంది అప్పుడు. "ఎంత ప్రమాదం తెచ్చిపెట్టారమ్మా" అని గట్టిగానే అన్నాను. ఆవిడ ఎదురు మాట్లాడలేదు. గిన్నెలు తోముతూనే లెక్క చెప్పింది. టెస్టుకి పోతే పాజిటివ్ అంటారు సార్, పద్నాలుగు రోజులు కూర్చోబెడతారు, ఆయనకి రోజుకి ఆరు వందలు. సందుకి అటూ ఇటూ వెదురు బొంగులు కట్టేస్తారు, అప్పుడు నేనూ బయటికి రాలేను, నాకున్న నాలుగిళ్లూ పోతాయి, నెలకి ఆరు వేలు. ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమంటాడు. కమ్మలు తాకట్టులో ఉన్నాయి, నూటికి మూడు రూపాయల వడ్డీ. మరి చెప్పమంటారా సార్, అంది.

ఎనిమిది వేల నాలుగు వందలు, ఆరు వేలు, మొత్తం పద్నాలుగు వేల నాలుగు వందలు. అద్దె, వడ్డీ కలపకుండానే. ఆ లెక్కలో నాకు ఒక్క తప్పు కూడా దొరకలేదు. క్లాసులో నేను చెప్పిన సూత్రాలు పెట్టి చూసినా, అతని స్థానంలో ఉన్న మనిషి ఎవరైనా చేసేది అదే. జబ్బు చెబితే నష్టం, దాస్తే లాభం అయ్యేట్టు మనమే ఏర్పాటు చేసి పెట్టాం, అతను ఆ ఏర్పాటు ప్రకారం నడుచుకున్నాడు. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క సంగతే.

ఇది కరోనాతో మొదలైంది కాదు. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. మరుసటి ఏడాది, 1897లో, బ్రిటిష్ వాళ్లు అంటువ్యాధుల చట్టం చేశారు. రెండు పేజీలు కూడా నిండని చట్టం అది. ప్రభుత్వం ఏ ఆంక్షలైనా పెట్టవచ్చు, మాట వినకపోతే శిక్ష, అమలు చేసే అధికారుల మీద కేసు పెట్టడానికి లేదు. సారాంశం అంతే. ఇంట్లో కూర్చోబెట్టిన మనిషికి కూడు ఎవరు పెట్టాలి, పోయిన కూలి ఎవరు ఇవ్వాలి, ఆ ఊసే లేదు. ఆ చట్టం కింద పుణేలో సైనికుల్ని ఇళ్లలోకి పంపించి సోదా చేయించారు, రోగుల్ని క్యాంపులకి లాక్కెళ్లారు, సామాను తగలబెట్టారు. ఆడవాళ్ల పట్ల వాళ్లు నడుచుకున్న తీరు మీద ఊరు ఊరంతా మండిపోయింది. జనం రోగుల్ని దాచడం మొదలుపెట్టారు. చివరికి 1897 జూన్ 22న ప్లేగు కమిటీ అధికారి రాండ్‌ని చాపేకర్ సోదరులు కాల్చారు. ఆ రోజుల్లో రాసిన రాతలకి తిలక్‌కి పద్దెనిమిది నెలల జైలు శిక్ష పడింది. జబ్బు తగ్గించడానికి చేసిన చట్టం జనానికీ ప్రభుత్వానికీ మధ్య యుద్ధం తెచ్చింది.

2020 మార్చిలో మన రాష్ట్రం కరోనా నిబంధనలు ఇచ్చింది కూడా ఆ 1897 చట్టం కిందనే. నూట ఇరవై మూడేళ్ల తర్వాత! ఆ తర్వాత దానికి సవరణ చేశారు, డాక్టర్ల మీద, నర్సుల మీద దాడి చేస్తే ఏడేళ్ల దాకా శిక్ష అన్నారు. మంచి పనే, నేను సమర్థిస్తాను. కానీ ముఠా కూలీ లెక్క మాత్రం ఆ సవరణలోకి కూడా రాలేదు.

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఉదాహరణ కూడా మన దేశంలోనే ఉంది. మశూచి. మీలో పెద్దవాళ్లకి తెలుసు, మన ఊళ్లలో దాన్ని జబ్బు అనేవాళ్లు కాదు, అమ్మవారు పోసింది అనేవాళ్లు. ఇంట్లో వేపాకు కట్టేవాళ్లు, పోలేరమ్మకి మొక్కుకునేవాళ్లు, బయటివాళ్లని రానిచ్చేవాళ్లు కాదు. బయటివాళ్లని రానివ్వకపోవడంలో మేలు కూడా ఉంది. కానీ సర్కారు మనిషి సూది పట్టుకుని వస్తే అమ్మవారికి కోపం వస్తుందని పిల్లల్ని దాచేసేవాళ్లు. అలాంటి దేశంలో మశూచిని ఎలా తుడిచిపెట్టారు? 1974లో బిహార్‌లో అది విజృంభించింది. ఆరోగ్య కార్యకర్తలు మశూచి సోకిన పిల్లవాడి బొమ్మ ఉన్న కార్డు పట్టుకుని ఇల్లిల్లూ, సంతలూ, బడులూ తిరిగారు. ఇలాంటి కేసు ఎక్కడున్నా చెబితే డబ్బు ఇస్తామన్నారు. ఆ బహుమతిని పెంచుకుంటూ పోయి 1975 నాటికి వెయ్యి రూపాయలు చేశారు. 1975లో వెయ్యి రూపాయలంటే ఆలోచించండి. కేసు తెలియగానే చుట్టుపక్కల అందరికీ టీకాలు. 1975 మే తర్వాత మన దేశంలో పుట్టిన మశూచి కేసు మళ్లీ కనిపించలేదు. మనుషులు అవే మనుషులు, అమ్మవారి మీద నమ్మకం కూడా అలాగే ఉంది. మారింది లెక్క. చెబితే లాభం అయింది.

ఇంక సూరత్. 1994 సెప్టెంబర్. అక్కడి బట్టల మిల్లుల్లో మన తెలుగువాళ్లు చాలామంది పనిచేస్తారు. వరదలొచ్చి, చెత్త పేరుకుపోయి, ప్లేగు అన్న మాట బయటికి రాగానే నాలుగైదు రోజుల్లో లక్షల మంది రైళ్లెక్కి వెళ్లిపోయారు. చనిపోయింది యాభై మందికి అటూ ఇటూ. కానీ విదేశాలు విమానాలు ఆపేశాయి, మన సరుకు వద్దన్నాయి. జబ్బు చంపినదానికన్నా భయం చేసిన నష్టం వందల రెట్లు. మరుసటి ఏడాది ఎస్.ఆర్. రావు అనే అధికారి మున్సిపల్ కమిషనర్‌గా వచ్చి, ఆఫీసు గదుల్లో కూర్చునే అధికారులందర్నీ రోజూ వీధుల్లోకి పంపి, ఆ ఊరిని దేశంలో శుభ్రమైన నగరాల్లో ఒకటిగా చేశాడు. డబ్బు, యంత్రాంగం ముందే ఉన్నాయి. పొద్దున పూట వీధిలో నిలబడే అధికారి లేకపోయాడు, అంతే.

ఈ సంగతి మనకి దూరమేం కాదు. 2018 మార్చిలో గుంటూరు పాత ఊళ్లో తాగే నీటి పైపుల్లో మురుగు కలిసి వాంతులు, విరేచనాలతో పదిమందికి పైగా పోయారు. ఆ ప్రాంతంలో మా బంధువుల ఇల్లు ఒకటుంది. కుళాయి నీళ్లు వాసన వస్తున్నాయని వాళ్లు ముందే అనుకుంటూ ఉన్నారు. డబ్బున్నవాళ్లు ఇరవై లీటర్ల క్యాన్లు తెప్పించుకున్నారు. లేనివాళ్లు కాచుకుని తాగుదామనుకున్నారు, గ్యాస్ అయిపోతుందని మానేశారు. ఇక్కడ కూడా అదే లెక్క, గమనించండి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మాత్రం నీళ్లు తీశాక ఇతర ఊళ్ల నుంచి పారిశుద్ధ్య కార్మికుల్ని రప్పించారు, ఫైర్ ఇంజన్లతో ఇళ్లలో బురద కడిగించారు, మెడికల్ క్యాంపులు పెట్టారు. ఆ పని చేసినవాళ్లకి ఈ ఊరు రుణపడి ఉంది.

సరే, లాక్‌డౌన్ దగ్గరికి వస్తాను. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి చెప్పారు, పన్నెండింటి నుంచి అమలు. నాలుగు గంటలు. వలస కూలీల కోసం మొదటి శ్రామిక్ రైలు మన పక్కనే లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి బయల్దేరింది మే 1న. మధ్యలో ముప్పై ఏడు రోజులు. ఆ ముప్పై ఏడు రోజులూ, ఆ తర్వాత ఇంకో నెలా, మన కనకదుర్గ వారధి మీద నుంచి మద్రాసు వైపు నుంచి వచ్చేవాళ్లు ఒడిశాకి, బెంగాల్‌కి, బిహార్‌కి నడుస్తూనే ఉన్నారు. మేం కొందరం తాడేపల్లి వైపు మజ్జిగ ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు పట్టుకుని నిలబడేవాళ్లం. ఒక రోజు ఒక కుర్రాడు, పాత సైకిలు మీద, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, పొట్లం తీసుకోలేదు. చేత్తో ఫోను చూపించి చార్జింగ్ అడిగాడు. నాలుగు రోజులైందట ఇంటికి మాట్లాడి. పక్కన ఒక టైర్ల షాపాయన షట్టరు సగం ఎత్తి లోపల ప్లగ్గులో పెట్టించాడు. ఫోను వెలగ్గానే ఆ పిల్లాడు వాళ్ల అమ్మతో ఒరియాలో మాట్లాడాడు. ఒక్క ముక్క మాకు అర్థం కాలేదు, అక్కడున్న అందరం ఏడ్చాం.

మన మిర్చి సంగతి చెప్పకపోతే గుంటూరు వాళ్లు ఊరుకోరు. ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి యార్డుకి సీజన్. సరిగ్గా ఆ సమయానికి యార్డు మూసేశారు. మా తమ్ముడిది పల్నాడులో మూడెకరాల మిర్చి. కాయ కళ్లంలో ఎండింది, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తొక్కించాడు, తీసుకెళ్లడానికి యార్డు లేదు, కోల్డ్ స్టోరేజీలో పెడదామంటే ఖాళీ లేదు, దొరికినా బస్తాకింత అని అద్దె, ఈలోగా పురుగుమందుల షాపులో బాకీ పెరుగుతూనే ఉంది. రైతు కష్టం అది. కూలీల కష్టం దానికన్నా కింద. మిర్చి కోతకి కర్నూలు జిల్లా నుంచి కుటుంబాలకి కుటుంబాలు వస్తాయి, పిల్లల్ని కూడా తెచ్చుకుంటారు, పొలంలోనే టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉంటారు. కోత అయిపోయింది, బస్సు లేదు. రెక్కాడితే గాని డొక్కాడని వాళ్లు. రేషన్ కార్డు సొంతూళ్లో ఉంది. తెలంగాణలో మిర్చి కోతకొచ్చిన పన్నెండేళ్ల అమ్మాయి ఒకతె ఛత్తీస్‌గఢ్‌లో తన ఊరికి మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకాసేపట్లో వస్తుందనగా పడిపోయి చనిపోయింది. ఆ పాపకి కరోనా లేదు. పరీక్ష చేశారు, నెగెటివ్ వచ్చింది. కరోనా మరణాల లెక్కలో ఆ పాప లేదు.

లెక్కల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా, అదే ఏడాది వానల్లేక వచ్చిన కరువు, రెండూ కలిసి మన దేశాన్ని ఎంత దెబ్బ తీశాయంటే, 1911 నుంచి 1921 మధ్య జనాభా పెరగకపోగా తగ్గింది. మన జనగణన చరిత్రలో అలా తగ్గిన దశాబ్దం అదొక్కటే. కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా పోయారని అంచనాలున్నాయి. ఎంతమందో సరిగ్గా ఎవరికీ తెలీదు, ఎందుకంటే రాసుకునే మనిషే పోయాడు. మరి వందేళ్ల తర్వాత? 2020, 2021 రెండేళ్లలో కరోనాతో పోయినవాళ్లు ప్రభుత్వం లెక్కలో నాలుగు లక్షల ఎనభై వేల పైచిలుకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో మామూలుకన్నా అదనంగా పోయినవాళ్లు దాదాపు నలభై ఏడు లక్షలు. ప్రభుత్వం ఆ లెక్క ఒప్పుకోలేదు. వాదన ఎలా ఉన్నా, ఇంట్లో పోయిన మనిషికి కాగితం లేకపోతే, కరోనాతో పోయినవాళ్ల కుటుంబాలకి ఇస్తామన్న 50,000 రూపాయల పరిహారం రాలేదు. జ్వరం దాచుకున్నవాడు పోతే వాడి కుటుంబానికి రెండోసారి దెబ్బ పడేది అక్కడ. మా బావగారు 2021 మేలో పోయారు. ఈ ఊళ్లోనే ఒక ఆసుపత్రి, పేరు చెప్పను, ఆరోగ్యశ్రీలో కరోనా చికిత్స ఉన్నా ముందు రెండు లక్షలు నగదు కట్టించుకుంది, రసీదు ఇవ్వలేదు. మా అక్క గాజులు అమ్మి కట్టింది. రసీదు అడిగితే బెడ్డు పోతుందేమోనని మేం కూడా నోరు మూసుకున్నాం. భయం మనల్ని కూడా అలాగే నొక్కేస్తుంది, కూలీలనే కాదు.

అన్నీ తప్పులే చేశారని నేననను, అలా అంటే అబద్ధం అవుతుంది. రైతు బజార్లని ఒక్కచోట కిక్కిరిసిపోకుండా మైదానాల్లోకి మార్చి కూరగాయలు అమ్మించారు. 2020 ఏప్రిల్ 4న రేషన్ కార్డున్న ప్రతి ఇంటికీ వాలంటీర్లు తీసుకెళ్లి వెయ్యి రూపాయలు ఇచ్చారు. కేంద్రం మనిషికి ఐదు కిలోల బియ్యం ఉచితంగా ఇచ్చింది, ఆ బియ్యం లేకపోతే ఆకలి చావులు చూసేవాళ్లం, నాకా అనుమానం లేదు. ఊళ్లకి తిరిగొచ్చినవాళ్లని ఉపాధి హామీ పని నిలబెట్టింది. 2021 జూన్ 20న ఒక్క రోజే మన రాష్ట్రంలో పదమూడు లక్షల మందికి పైగా టీకాలు వేశారంటే అది ఏఎన్‌ఎంల, ఆశా కార్యకర్తల రెక్కల కష్టం. నెలకి పది వేలకి పనిచేశారు ఆశా అక్కలు, ఎండలో, మాస్కు మీద మాస్కు వేసుకుని. క్వారంటైన్ నుంచి ఇంటికెళ్లే పేదవాళ్లకి 2,000 రూపాయలు ఇస్తామని కూడా ప్రభుత్వం ప్రకటించింది. నేను ఇందాక చెప్పిన దారి సరిగ్గా అదే, చెప్పినవాడికి డబ్బు. కానీ పద్నాలుగు వేల నష్టానికి రెండు వేలు. పైగా మా పనావిడ భర్తకి ఆ సంగతే తెలీదు.

ఇంకో ముక్క, త్వరగా చెప్పేస్తాను. ఇంగ్లండ్‌లో ప్లేగు వచ్చి కూలీలు తగ్గిపోయి కూలి రేట్లు పెరిగితే, 1351లో అక్కడి పార్లమెంటు కూలి పెంచకూడదని చట్టం చేసింది. 2020లో గుజరాత్ ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో ఓవర్‌టైమ్‌కి డబుల్ కూలి ఇవ్వకుండా పన్నెండు గంటలు పనిచేయించుకోవచ్చని ఉత్తర్వు ఇస్తే సుప్రీంకోర్టు అక్టోబర్‌లో కొట్టేసింది. ఆరు వందల డెబ్బై ఏళ్ల తేడా, ఆలోచన ఒకటే. మన ఆటోనగర్ షెడ్లలో వెల్డర్లు వెళ్లిపోయి, నెలల తరబడి లారీ బాడీలు సగంలో ఆగిపోయినప్పుడు తెలిసింది యజమానులకి, మనుషుల్ని నిలబెట్టుకోవడానికి అయ్యే ఖర్చు పోగొట్టుకోవడానికి అయ్యే ఖర్చుకన్నా చిన్నదని.

పిల్లల చదువు గురించి వేరే ఒక రోజంతా మాట్లాడాలి. 2018లో దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో 27 శాతం మంది రెండో తరగతి పాఠం చదవగలిగితే 2022కి అది 20 శాతానికి దిగిందని పల్లెల్లో పిల్లల చదువుని పరీక్షించే అసర్ సర్వే చెప్పింది. ఆ పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు.

చీటీలు వచ్చాయి, రెండు చదువుతాను. "లాక్‌డౌన్ పెట్టకపోతే ఇంకా ఎక్కువమంది పోయేవాళ్లు కదా సార్?" పోయేవాళ్లేమో బాబూ. నేను లాక్‌డౌన్‌కి వ్యతిరేకం కాదు. మనుషుల్ని ఆపేముందు వాళ్ల కూలి ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పాలంటున్నాను. దీనికి కొత్తగా కనిపెట్టాల్సింది కూడా లేదు. మన గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది, చూసే ఉంటారు. ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా, ఉన్న కార్మికుడికి జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. అంటే ఆ కార్మికుడు జ్వరమని చెప్పుకోగలడు. అది ముఠా కూలీకి లేదు, ఇళ్లలో పనిచేసే ఆవిడకి లేదు, ఆటో తోలేవాడికి లేదు. వాళ్లకి కూడా అలాంటిది పెట్టండి, మార్కెట్ యార్డులో సెస్సు వసూలు చేస్తారు కదా, అందులోంచి ముఠా వాళ్లకి కొంత కట్టండి. జబ్బు వచ్చాక కాదు, ఇప్పుడే, ఏ జబ్బూ లేని ఈ రోజుల్లో.

రెండోది ఎవరో అమ్మాయి రాసింది. "ఆ జ్వరం వచ్చిన అతను ఏమయ్యారు?" బాగానే ఉన్నాడమ్మా. పది రోజుల్లో తగ్గింది, ఇప్పటికీ గొల్లపూడిలోనే బస్తాలు మోస్తున్నాడు. కమ్మలు విడిపించుకోవడానికి రెండేళ్లు పట్టింది వాళ్లకి. కానీ అతనికి తగ్గిన వారానికి అదే ముఠాలో ఇంకో ఇద్దరికి జ్వరం వచ్చింది. అందులో పెద్దాయన పోయాడు. అతని నుంచే అంటుకుందో, ఇంకెవరి నుంచో, ఎవరూ చెప్పలేరు. అతను మాత్రం తన వల్లే అనుకుంటాడు. ఆ పెద్దాయన ఇల్లు మార్కెట్‌కి వెళ్లే దారిలోనే ఉంది. ఈ రోజుకీ అతను ఆ దారిన నడవడు, కాలవ గట్టు మీద నుంచి చుట్టూ తిరిగి పనికి పోతాడు.